సంచుల కాపలా

సత్తెనపల్లి,
21 నవంబరు 1986

ఇమాం హుస్సేన్ గారికి,

మంగళవారం పొద్దున తొమ్మిదో తరగతి పిల్లల్ని జట్లుగా పత్తి చేనుకు తీసుకెళ్లి, మీ అమ్మాయి సర్దార్‌బీని ఒక్కదాన్నే బడి వరండాలో పుస్తకాల సంచులకు కాపలా ఉంచాను. మర్నాటి నుంచి ఆమె బడికి రాలేదు. పోలియో కాలితో చేలో నడవలేదని నాకు నేనే అనుకున్నాను. ఆమెను అడగలేదు.

ఆ రోజు చేను నుంచి తిరిగొచ్చాక అందరూ ఆకుల కింద చూసిన పురుగుల గురించి రాస్తుంటే ఆమె పుస్తకం తెరవలేదు. కసిరాను.

"సంచుల గురించి రాయమంటారా సార్? వాటినైతే బాగా చూశాను" అంది.

క్లాసంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆమె నవ్వలేదు.

చదువు మాన్పిస్తున్నామని నిన్న కబురు పంపారు. లోపం ఆమె కాలిది కాదండి, నాది. ఆమె జట్టులోని రెబ్కా నన్ను నిలదీసింది: "బండ్లు తిరిగే డొంక పక్క సాళ్లు ఇస్తే బండిలో వచ్చి, దిగి చూసేది కదా సార్. మాకేమో ఆ చివర సాళ్లిచ్చారు."

సోమవారం ఉదయం ఎనిమిదింటికి ఆ జట్టు పిల్లలతో అంకయ్య ఎద్దుబండి మీ గుమ్మం ముందు ఆగుతుంది. ఈసారి డొంక పక్క సాళ్లు వాళ్లవే. దయచేసి సర్దార్‌బీని ఎక్కించండి. సంచులు కూడా బండిలోనే వస్తాయి. వాటి దగ్గర నేను కూర్చుంటాను.

ఇట్లు,
సైన్సు మాస్టారు