మాడిన మెంతులు

అఖిలేష్ వాళ్ల నాన్నకు స్వర్ణ నమస్కరించి రాస్తున్నది.

ఇక్కడ నాంపల్లిలో మేమంతా బాగున్నాం. హిమాచల్ కొండల్లో, ఆ సొరంగం పనిలో మీరూ బాగుండాలని కోరుకుంటున్నాను. సురేందర్ సెలవు మీద వస్తూ తెచ్చిన మీ ఉత్తరం అందింది. ఆదివారాలు మీరు ఫోన్ చేస్తున్నారు, నిజమే. కానీ లౌడ్‌స్పీకర్ పెట్టనిదే అత్తమ్మ ఊరుకోదు. ఇప్పుడు చెప్పబోయేది ఆమె వినకూడని సంగతి. అందుకే కాగితం పట్టుకున్నాను.

ముందు మీరు అడిగినవాటికి జవాబులు. అఖిలేష్ ట్యూషన్ మానలేదు. ఆబిడ్స్ తీసుకుపోయి బూట్లు కొనిచ్చాక బుద్ధిగానే వెళుతున్నాడు. స్టేషన్ వైపు గోడకు చెమ్మ అలాగే ఉంది. ఇంటి ఓనరు వచ్చి చూసి, తలూపి, చాయ్ తాగి పోయాడు. మీ దగ్గరి వంటమనిషి మామిడికాయ తొక్కు పెడతానంటున్నాడని, మన ఇంటి మసాలా పొడి ఎలా చెయ్యాలో రాయమన్నారు. రాస్తున్నాను, అతనికి చదివి వినిపించండి.

ఆవాలు వేయించవద్దు. ఎండలో కరకరలాడేదాకా పెట్టి దంచితేనే ఘాటు నిలుస్తుంది. జీలకర్ర, మెంతులు మాత్రం నూనె లేకుండా విడివిడిగా వేయించాలి. నాలుగు గిన్నెల ఆవపిండికి ఒక గిన్నె జీలకర్ర పొడి, అర గిన్నె మెంతి పొడి. అన్నీ చల్లారాకే కలపాలి. వేడి మీద కలిపితే పొడి చెమర్చి ముద్ద కడుతుంది. కారం, ఉప్పు, అల్లం వెల్లుల్లి తర్వాత. జాగ్రత్తంతా మెంతుల దగ్గరే. దోరగా వేగి కమ్మటి వాసన రాగానే దించెయ్యాలి. ఏమరితే మాడిపోయి తొక్కంతా చేదెక్కుతుంది. ఎంత నూనె పోసినా ఆ చేదు పోదు.

“అమ్మ ఫోన్లో ముభావంగా ఉంటోంది, నువ్వేమన్నా అన్నావా?” అని కూడా అడిగారు. అన్నాను. ఏమన్నానో చెబుతాను.

చలికాలంలో వచ్చిన జ్వరం తర్వాత అత్తమ్మకు వాసన, రుచి రెండూ పోయాయి. ఆమె ఎవరికీ చెప్పలేదు. ఒకరోజు పాలు అడుగంటి ఇల్లంతా కమురు కంపు కొడుతుంటే, ఆమె పొయ్యి పక్కనే కూర్చుని తీరిగ్గా వెల్లుల్లి ఒలుచుకుంటోంది. అప్పుడు నాకు తెలిసిపోయింది. చూపు ఎలాగూ మసక, ఇన్నాళ్లూ ముక్కుతోనే వంటిల్లు ఏలింది. కొండమ్మ తొక్కు అని గల్లీ అంతా ఆమె పేరే చెప్పుకుంటుందాయె. ముక్కు పోయిందని ఒప్పుకుంటే గరిటె నా చేతికి రావాలి. అది మాత్రం ఆమెకు చావుతో సమానం. మసాలా చేసేటప్పుడు తలుపు వేసుకుని, నన్ను గడప కూడా తొక్కనియ్యని మనిషి, ఈ ఏడు తనే లోపలికి పిలిచింది.

“జర గిటు రా స్వర్ణా. నాకు పడిశం పట్టింది. మెంతులు ఏగినయా చూడు” అంది.

అప్పటికే వేగాయి. వాసన గడప దాకా వచ్చింది.

“ఇంకా పచ్చిగనే ఉన్నయ్ అత్తమ్మా. ఇంక జరసేపు ఉంచుండ్రి” అన్నాను.

ఉంచింది. మళ్లీ అడిగింది. నేను మళ్లీ అదే మాట చెప్పాను. పొగ కళ్లకు తగిలి అనుమానం వస్తుందేమోనని కిటికీ తీసిపెట్టాను. మెంతులు బొగ్గు రంగుకు తిరిగాక, “ఇప్పుడు దించుండ్రి” అన్నాను.

తొక్కు కలిపిన రోజు ఖైరతాబాద్ నుంచి మీ చెల్లెలు మృదుల, తన అత్తగారిని వెంటబెట్టుకుని వచ్చింది. ఎప్పటిలాగే అత్తమ్మ ఆ బేసిన్‌లోనే వేడి అన్నం కలిపి, తన చేత్తో అందరికీ ముద్దలు పెట్టింది. మృదుల అత్తగారు లేచి బయటికి వెళ్లి ఉమ్మేసింది. మృదుల కష్టపడి మింగి, “ఏందమ్మా గిది, ఇషం లెక్క చేదుంది” అంది.

అత్తమ్మ నా వైపు చూసింది. ఆమెకు అంతా అర్థమైంది. కానీ నా పేరు బయటపెట్టాలంటే ముందు తన ముక్కు పోయిందని, కోడల్ని పిలిచి అడిగానని వియ్యపురాలి ముందు చెప్పుకోవాలి. చెప్పలేక, ఒక ముద్ద నోట్లో పెట్టుకుని నెమ్మదిగా నమిలింది.

“మంచిగనే ఉంది. మీ నాల్కలే చెడిపోయినయ్. నా కొడుక్కు పంపుత. గాడు గూడ చేదే అంటె ఇగ నేను పొయ్యి ముట్ట. మా తమ్ముని ఇంటికి పోత” అంది.

నాకు నవ్వు ఆగలేదు. కొంగు అడ్డం పెట్టుకున్నాను.

మీకు కోపం వస్తోందని తెలుసు. మన పెళ్లయిన ఏడాది నా చేతిలో మెంతులు కాస్త మాడితే, మీ అమ్మ పిడికెడు పొడి నా నోట్లో పోసి, మింగేదాకా నా దవడ వదల్లేదు. మీరు ఎదురుగా కూర్చుని అన్నం తింటున్నారు. ఒక్క మాట అనలేదు. పెరుగు వేసుకుని కలుపుకున్నారు. నాకు ఆమె చెయ్యి కన్నా మీరు పెరుగు కలుపుకోవడమే బాగా గుర్తుంది. కాబట్టి నేను చేసినదానికి నాకు బాధ లేదు. హాయిగా ఉంది.

సురేందర్ రేపు నాంపల్లిలో ఢిల్లీ బండి ఎక్కుతున్నాడు. తొక్కు సీసాకు అత్తమ్మే గుడ్డ చుట్టి అతని చేతికిచ్చింది. ఆదివారం మీ మాట వినడానికి మృదులను, వాళ్ల అత్తగారిని కూడా రమ్మంది. బాగుందని మీరు అబద్ధమాడితే, ఏడాదంతా ఆ తొక్కే అందరి కంచాల్లోనూ వడ్డిస్తుంది. అఖిలేష్ రోజూ ఆమె ఎదుటే ఉమ్ముతాడు. చేదంటే మూట కట్టుకుని వెళ్లిపోతుంది. ఏదైనా నాకు సమ్మతమే.

ఏమీ అనకుండా ఊరుకుందామనుకుంటారేమో. “మీ కొడుకు ఏం మాట్లాడకుంటే, తల్లిని బాధపెట్టలేక ఊకున్నడు, చేదే అనుకోండ్రి” అని అత్తమ్మతో ముందే చెప్పి ఉంచాను. “ఔ” అంది.

ఇట్లు,
మీ ఇల్లాలు
స్వర్ణ