నా ప్రశ్నకు వచ్చిన ప్రకటన

రేడియో మేనేజరుగారికి ముసునూరు నుంచి నమస్కారం.

జనవరిలో మీ రైతుల కార్యక్రమానికి వాట్సాప్‌లో నా ప్రశ్న రికార్డు చేసి పంపాను. "మామిడి పూత విచ్చుకుంది, పురుగు కనిపిస్తోంది. ఇప్పుడు మందు కొట్టొచ్చాండీ?" అని. మీరు వినిపించినప్పుడు నేను ఫోన్లో మీ ఆన్‌లైన్ ప్రసారం వింటున్నాను. నా గొంతు ఆగగానే ఒకాయన నిదానంగా, "ఆలస్యం చేయకండి. పురుగు కనిపించిన రోజే కొట్టండి" అని మందు పేరు కూడా చెప్పారు. అదే జవాబనుకుని మర్నాడు నాలుగెకరాలకీ కొట్టించాను. పిందె పట్టలేదు.

పక్కతోట సువర్ణరాజుగారు అదే కార్యక్రమం మామూలు రేడియోలో విన్నారు. అందులో మీ శాస్త్రవేత్త, "ఇప్పుడు కొట్టకండి, తేనెటీగలు చచ్చిపోతాయి, పిందె కట్టేదాకా ఆగండి" అన్నారట. ఆయన చెట్లు విరగకాశాయి. ఫోన్లో వినేవాళ్లకి విడిగా ప్రకటనలు వేస్తామని, ఆ రోజు ప్రకటన జవాబు మీద పడిందని మీ ఆఫీసులో మెర్సీ అనే అమ్మాయి చెప్పింది. మర్యాదగానే చెప్పింది.

నేను ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పినదాన్ని. చెబుతున్నది ఎవరో చూసుకోవలసింది నేనే. నా తోట గురించి ఫిర్యాదు లేదు.

వచ్చే పూతకి ముందు నా ప్రశ్న మళ్లీ వేసి, జవాబు ఫోన్లో కూడా పూర్తిగా వినిపించండి. మందు కొట్టించిన వారమే చింతలపూడి సంతలో ఒకావిడ నా గొంతు గుర్తుపట్టి, "రేడియోలో అడిగింది మీరేగా? మేమూ కొట్టేశామండీ. మంచి ప్రశ్న అడిగారు" అంది.

ఆవిడ పేరు గాని, ఊరు గాని నేను అడగలేదు.

ఇట్లు,
మీ శ్రోత