పదిహేను నెలల లెక్క

చింతాద్రిపేట, చెన్నై-2
1998 జూలై 9, గురువారం

చి. ఆశకు,

అవ్వ కమలాంబ ఆశీర్వదించి రాసేది. ఇక్కడ నేనూ, నా కళ్ళద్దాలూ, కూవం ఏటి వాసనా ఎప్పటిలాగే ఉన్నాము. బొంబాయి వానల్లో నువ్వు గొడుగు లేకుండా తిరగడం లేదనే అనుకుంటున్నాను. నీ ఉత్తరం సోమవారం అందింది. దాని మీద తేదీ లేదు. ముప్పై ఐదేళ్ళు బడిలో లెక్కలు చెప్పినదాని మనవరాలు తేదీ వెయ్యకుండా ఉత్తరం రాయకూడదు.

విషయానికి వస్తాను. మీ ఓడల కంపెనీ నిన్ను సింగపూరుకైనా పంపుతానంది, దుబాయికైనా పంపుతానంది. జీతం రెండు చోట్లా ఒకటే. పదిహేనో తేదీలోగా ఏదో ఒకటి చెప్పాలి. ఏ ఊరి క్రెడిట్ కార్డు మైళ్ళతో చెన్నైకి తొందరగా ఉచిత టికెట్ వస్తుందో ఆ ఊరికే పోతాను, లెక్క నువ్వే చెయ్యి అవ్వా, నువ్వు చెప్పిందే ఖాయం అని రాశావు. మనిషి ఏ దేశంలో బతకాలో విమానం కంపెనీ మైళ్ళు తేల్చడం నాకు నచ్చలేదు. అయినా నువ్వు అడిగింది లెక్క. చేశాను.

నాకు అర్థమైనంతలో, కార్డు మీద పెట్టే ఖర్చును బట్టి బ్యాంకు కొన్ని మైళ్ళు జమ చేస్తుంది. ఇరవై వేలు చేరితే ఏ ఊరి నుంచైనా చెన్నైకి రానూపోనూ టికెట్ ఇస్తారు. ఇక్కడి కార్డే తీసుకుంటే ఎట్లా ఉంటుందో కూడా చూశాను. నా దగ్గర ఎనిమిదో తరగతి చదివిన హేమమాలిని ఇప్పుడు మౌంట్ రోడ్డులో ఒక బ్యాంకులో కార్డుల విభాగంలో ఉంది. మంగళవారం దాని దగ్గరికి పోయాను. కాగితాలన్నీ నా ముందర పరిచి, టీచర్, మీకు మటుకు కార్డు ఇయ్యను, గడువుకు ముందరే కట్టేస్తారు మీరు, వడ్డీ రాకపోతే మా మేనేజరు నా మీద ఎగురుతాడు అని నవ్వింది. వడ్డీ ఎంత అన్నాను. గొంతు తగ్గించి, నెలకు రెండున్నర అంది. ఏడాదికి ఎంతో నేను పైకి చెప్పేసరికి పక్క బల్ల గుమాస్తా తల ఎత్తి చూశాడు.

ఇక్కడ నూరు రూపాయలకు ఒక మైలు. నెలకు ఇరవై వేలు ఖర్చుపెట్టినా వచ్చేది రెండు వందల మైళ్ళు. టికెట్టుకు నూరు నెలలు పడుతుంది. అప్పటికి నాకు ఎనభై దాటుతుంది. ఈ కార్డు వద్దు.

దుబాయి కార్డుకు రెండు దిర్హములకు ఒక మైలు. నెలకు పద్దెనిమిది వందల దిర్హములు ఖర్చవుతుందన్నావు. తొమ్మిది వందల మైళ్ళు. చేరగానే ఇచ్చే రెండు వేలు తీసేస్తే మిగిలేది పద్దెనిమిది వేలు. ఇరవై నెలలు.

సింగపూరు కార్డుకు డాలరుకు ఒక మైలు. నెలకు ఎనిమిది వందల డాలర్లు, ఎనిమిది వందల మైళ్ళు. చేరగానే ఎనిమిది వేలు ఇస్తామన్నారు. అది చూసే నువ్వు మురిసిపోయావు. కానీ ఆ ఎనిమిది వేలకు గడువు ఒక్క ఏడాదేనని అట్టడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఏడాదిలో టికెట్టుకు సరిపడా చేరవు కాబట్టి అవి లేనట్టే. అప్పుడు ఇరవై ఐదు నెలలు.

దుబాయికే పో.

నువ్వు పంపిన సింగపూరు కాగితం అంచున ఆ టికెట్ల షాపాయన పెన్నుతో వేసిన లెక్కలో పదిహేను నెలలని ఉంది. అతను గడువు చూసుకోలేదు. అమ్ముకునేవాళ్ళకు అమ్ముడుపోవడమే ముఖ్యం.

ఆ మనిషి గురించి కూడా రాయాలి. పోయిన నెల ట్రైనింగుకు సింగపూరు పోయినప్పుడు సెరంగూన్ రోడ్డులో విమానం టికెట్లతోపాటు ఈ కార్డులూ ఇప్పించే ఆ షాపుకు టికెట్ కోసం వెళ్ళావు. మన తెలుగాయనే అవ్వా, అచ్చం మన పేట మాటే, ఈడ కూచో పాపా అని టీ తెప్పించినాడు అని సంబరంగా రాశావు. కార్డు దరఖాస్తులో తండ్రి పేరు దగ్గర లేట్ బాలసుందరం అని నువ్వు రాసింది చదివి, చాలాసేపు ఆ కాగితం కింద పెట్టలేదన్నావు. చింతాద్రిపేటలో ఏ వీధి, ఇంట్లో ఎవరెవరు ఉన్నారు అని అడిగాడన్నావు. టీకి డబ్బు పుచ్చుకోలేదన్నావు. కార్డు ఇప్పించేవాడికి నీ వీధితో ఏం పని? ఇరవై ఆరేళ్ళ పిల్లవు, అడిగినవాళ్ళకల్లా ఇంటి గుట్టు చెప్పేస్తావా?

ఆ దరఖాస్తులో ఎదురింటి మునియక్క ఫోన్ నంబరు కూడా ఇచ్చావు. పోయిన శుక్రవారం మునియక్క పరుగెత్తుకుంటూ వచ్చి, సింగపూర్ నించి ఫోను మా, ఎవురో మొగాయన, పేరడిగితే చెప్పలా, టీచరమ్మ ఉండారా అన్నాడు, రాండి రాండి, ఆయనకు ఆడ డాలర్లు కరిగిపోతా ఉండాయి అని నన్ను చెయ్యి పట్టుకుని లాక్కుపోయింది. నేను ఫోను అందుకునేటప్పటికి లైను తెగిపోయింది. ఎవరూ మాట్లాడలేదు. ఏంది మా, మొగం అట్లా పాలిపోయింది, కాపీ కలపనా అని మునియక్క వదలలేదు. మెట్లెక్కిన ఆయాసం అన్నాను.

శనివారానికి ఈ ఉత్తరం నీకు అందుతుంది. సోమవారం ఆఫీసు తెరవగానే దుబాయి అని రాసి సంతకం పెట్టు. ఆ షాపుకు ఉత్తరం రాయవద్దు, ఫోను చెయ్యవద్దు. ఆ దరఖాస్తు అక్కడే పడి ఉండనీ. నిన్ను కారణం చెప్పకుండా నేను ఎప్పుడూ దేనికీ వద్దనలేదు. ఈసారి కారణం లెక్కలోనే ఉంది. దుబాయిలో ఎండ ఎక్కువ. నూలు బట్టలు నాలుగు జతలు ఇక్కడే కుట్టిస్తాను, కొలతలు పంపు.

ఇట్లు,
నీ మేలు తప్ప వేరేది కోరని
అవ్వ కమలాంబ

తా.క. శుక్రవారం పొద్దున. పోస్టాఫీసు దాకా పోయి తిరిగి వచ్చాను. అంటించిన కవరు చించాను.

పైన నా లెక్క కింద సరిచూపు లేదు. నువ్వు గమనించే ఉంటావు. జవాబు కింద గుణించి చూసి, పక్కన ‘స’ రాసి దాని చుట్టూ సున్నా చుడితేగాని లెక్క ముగిసినట్టు కాదని నీకు పలక మీద నేర్పాను. నిన్న ఆ ఇరవై ఐదు నెలల కింద నాలుగుసార్లు పెన్ను పెట్టాను. చెయ్యి కదలలేదు.

ఆ ఎనిమిది వేల మైళ్ళకు గడువు ఒక్క ఏడాది కాదు, మూడేళ్ళు. కాగితం నా దగ్గరే ఉంది, నువ్వు చూడలేవని అట్లా రాశాను. ఇప్పుడు ఇందులోనే పెడుతున్నాను. అంచున ఉన్న లెక్క చూడు. జవాబు కింద గుణకారం ఉంది. పక్కన ‘స’, చుట్టూ సున్నా. బడిలో నేను ఎవరిచేతా అట్లా రాయించలేదు. ఇంట్లో ఇద్దరికే నేర్పాను. ఒకతెవు నువ్వు.

ఫోను లైను తెగలేదు. అమ్మా అన్నాడు. నేనే పెట్టేశాను.

నీకు రెండేళ్ళప్పుడు మీ నాన్న సింగపూరు ఓడల రేవులో పనికి పోయాడు. ఆ మరుసటి ఏడు మీ అమ్మ కోకిల కామెర్లతో పోయింది. టెలిగ్రాం ఇచ్చాను, రాలేదు. ఇక్కడ ఇంకొక పెళ్ళి చేసుకున్నాను, పాపను పంపించు అని నెల తరువాత ఉత్తరం రాశాడు. దానికి నేను జవాబివ్వలేదు. నాన్న ఏడీ అని నువ్వు అడిగినప్పుడు, ఓడ ప్రమాదంలో పోయాడని చెప్పాను. నిన్ను బడిలో చేర్చేటప్పుడు వాడి పేరు ముందర లేట్ అని రాసింది నేనే. ఆ తప్పు దిద్దకుండా ఇరవై ఒక్క ఏళ్ళు ఉంచాను. పోయిన నెల వాడు దాన్ని తన కూతురి చేతిరాతలో చదువుకున్నాడు.

వాణ్ణి క్షమించమని నేను చెప్పను. నేను క్షమించలేదు. నన్ను నువ్వు ఏం చేస్తావో అడగను. ఎక్కడికి పోవాలో నువ్వే తేల్చుకో. నువ్వు అడిగింది లెక్క, అది మాత్రం తప్పుగా పంపలేను. ఇరవై వేలలో ఎనిమిది వేలు పోతే పన్నెండు వేలు. నెలకు ఎనిమిది వందలు. పదిహేను నెలలు. వాడు చేసిందే సరి.

15 × 800 = 12,000 (స)