టోపీ పెట్టుకున్నాయన మాస్టర్ కాదు

పురపాలక కమిషనర్ గారి సముఖమునకు,
సిద్దిపేట.

అయ్యా,

విషయం: కీ.శే. భిక్షపతి బ్యాండు మాస్టర్ గారి విగ్రహానికి ఈ ఆదివారం జరగబోవు ఆవిష్కరణను నిలిపివేయుట గురించి.

నేను, జానీ పాషా, సదరు మాస్టర్ గారి బ్యాండులో ఇరవై ఆరేండ్లు క్లారినెట్ వాయించినవాడను. విగ్రహ కమిటీ వారిపై నాకు కలిగిన అనుమానాలను వరుసగా మనవి చేసుకుంటున్నాను.

1. విగ్రహం వచ్చి పన్నెండు రోజులైనది. వచ్చినది మొదలు నీలి టార్పాలిన్ కప్పి, మూడు చుట్లు తాడు బిగించి ఉంచినారు. ఒకసారి చూస్తానంటే కావలి ఉన్నాయన "ఆదివారం దాక ఎవ్వలకు చూపియ్యద్దన్నరు" అన్నాడు. మాస్టర్ బతికున్నన్నాళ్లూ ముసుగు వేసుకుని తిరగలేదు. ఇప్పుడు దాచవలసిన అవసరమేమిటో కమిటీ వారే చెప్పాలి.

2. కమిటీ అధ్యక్షుడు కర్ణాకర్ విగ్రహం మాట రాకముందు నన్ను "ఓ బ్యాండాయనా" అని పిలిచేవాడు. ఇప్పుడు "చాచా" అంటున్నాడు. "నువ్వు ముందటి కుర్చీల కూసోవాలె చాచా, తప్పకుండ రావాలె" అని రెండుసార్లు ఇంటికి వచ్చి మరీ చెప్పిపోయాడు. ఊరికే ఇంత మర్యాద ఎవరూ చేయరు.

3. మొన్న గురువారం గాలికి టార్పాలిన్ ఒక పక్క లేచి, విగ్రహం చేతులు కనబడినవి. ఎడమ చేతి చిటికెన వేలు వంకర. మాస్టర్ గారి పది వేళ్లూ చక్కగా ఉండేవి. వంకర వేలు నాది. దుబ్బాక బరాత్‌లో పెండ్లికొడుకు గుర్రం తొక్కినప్పటి నుంచి అది అంతే. కావలాయన చాయ్‌కి పోయిన సందు చూసి నిచ్చెన వేసి తాడు విప్పాను. ఇందుకు జరిమానా వేసినా కడతాను. మీసం నాది. బుగ్గ మీది పులిపిరి నాది. కింద రాతి మీద పేరు మాత్రం మాస్టర్ గారిది. అయ్యా, నేనింకా బతికే ఉన్నాను.

4. ఇది ఎట్లా జరిగినదనగా, మా బ్యాండులో ఒక ఆనవాయితీ ఉండేది. దసరా నాడు వాయిద్యాలకు పూజ అయ్యాక మాస్టర్ తన ఎర్ర టోపీ తీసి, ఆ ఏడు బాగా వాయించినవాని తల మీద పెట్టేవారు. నడిమి కుర్చీ కూడా వానిదే. మాస్టర్ కంచు తాళాలు పట్టుకుని వరుస చివర నిలబడేవారు. అట్లా ఫోటో దిగేవాళ్లం. ఆయన చివరి దసరాకు టోపీ నాకు దక్కింది. మాస్టర్ గారి భార్య ఐలవ్వ గారి దగ్గర బ్యాండు డ్రెస్సు ఫోటో లేదని కమిటీ వారు నా దగ్గరున్న ఆ దసరా ఫోటో తీసుకుపోయి శిల్పికి చూపించి తిరిగి తెచ్చి ఇచ్చినారు. "ఈ ఫోటోల మాస్టర్ ఎవరు చాచా?" అని కర్ణాకర్ అడిగిన మాట వాస్తవమే. "టోపీ పెట్టుకున్నాయన" అని నేను చెప్పిన మాటా వాస్తవమే. ఆ పూట నాకు కళ్లద్దాలు లేవు.

5. ఎవరు మోశారో గాని సంగతి ఐలవ్వ గారికి చేరింది. నిన్న శుక్రవారం నేను పోతే, "ఆయన పెడితెనే టోపీ పెట్టుకునేటోనివి పాషా. ఇప్పుడెవ్వలు పెట్టిన్రు నీకు?" అని తలుపు వేసుకున్నది. మాస్టర్ పోయిన ఈ ఎనిమిదేండ్లలో ఆమె చేతి చాయ్ తాగని శుక్రవారం లేదు.

కావున ముఖం, మీసం, చిటికెన వేలు సరిచేయించే వరకు టార్పాలిన్ విప్పకుండా ఉత్తర్వులు ఇప్పించగలరని, రేపే ఆదివారం గనుక ఈ పూటనే చిత్తగించవలెనని ప్రార్థన.

తమ విధేయుడు,
జానీ పాషా, క్లారినెట్

జత: దసరా ఫోటో ఒకటి. కుడి చివర తాళాలు పట్టుకున్నాయన మాస్టర్.

మరొక మనవి: నాలుగో అంశంలో కళ్లద్దాల మాట కొట్టివేయగలరు. ఆ ఫోటో ఎనిమిదేండ్లు నా మంచం ఎదురుగా ఉంది. టోపీ ఎవరి తల మీద ఉందో కళ్లు మూసుకుని చెప్పగలను. ఆ రోజు మరిచి చెప్పానో, ఆశపడి చెప్పానో, నా మీద నాకే అనుమానంగా ఉంది. విచారణ నాతోనే మొదలుపెట్టవలెను. ఆ దసరా తర్వాత వారానికే మాస్టర్ పోయినందున తిరిగి ఇవ్వని టోపీని కూడా దీనితో పంపుతున్నాను. ఐలవ్వ గారికి అందజేయగలరు. నేను పోతే తలుపు తీయడం లేదు.