నీ పాటకి చిన్న సైజు చెప్పింది నేనే

బావా,

నేను, అప్పన్నని. నువ్వు పోయి ఏడాదిన్నర అయింది. అక్కడ ఎలా ఉన్నావో అడగను... ఎక్కడున్నా నీ చుట్టూ పదిమంది చేరే ఉంటారు. ఆ సంగతి నాకు తెలుసు.

నేను మూడో తరగతి దాటినవాణ్ణి కాదు. ఈ నాలుగు ముక్కలు రాయడానికి నాలుగు రోజులు పడుతోంది. వేరే ఎవరి చేతా రాయించే సంగతి కాదు. నీ చెల్లెలు పైడమ్మకి కూడా ఇంకా చెప్పలేదు. ముందు నీకే చెప్పాలి. తప్పు నీ దగ్గర చేశాను కాబట్టి.

పోయే ముందు నీ కతల కేసెట్ల పెట్టె నీ చెల్లి చేతిలో పెట్టావు. దాని చేతిలోనే, నా చేతిలో కాదు. ముప్పై ఏళ్లు నీ వెనక నిలబడి వంత పాడినవాణ్ణి నేను. జముకు చంకన పెట్టుకుని తీగ మీటి మీటి వేళ్లు కాయలు కాసినవాణ్ణి నేను. పెట్టె మాత్రం దానికిచ్చావు. ఎందుకు బావా? నేను దాచననుకున్నావా?

ఆ పెట్టెలో నీవి ఎనిమిది, నాది ఒకటి.

పైడమ్మకి పొద్దున్న బియ్యం చెరిగేటప్పుడు నీ కేసెట్టు తిరగాలి. నువ్వున్నప్పుడూ అంతే, పోయాకా అంతే. మొన్నటి తుఫానుకి పెంకులు లేచిపోయి పెట్టె తడిసింది. కేసెట్లు ఎండలో ఆరబెట్టాము. టేపురికార్డరు మాత్రం మరి పలకలేదు. బాగుచేసేవాడు దాన్ని తిప్పి చూసి, సామాను దొరకదు, రాజాం తీసుకెళ్తే పాటలన్నీ సెల్లు కార్డులోకి ఎక్కించేస్తారు అన్నాడు.

నీ చెల్లి నన్ను కూర్చోనివ్వలేదు. "ఎల్లు, రేపే ఎల్లు. అన్న పాట ఇనకపోతే నాకు తెల్లారినట్టుండదు" అంది.

తెల్లారినట్టుండదట. పక్కన నేనున్నాను కదా... నేను లేస్తే తెల్లారదా?

సరే, సంచిలో తొమ్మిది కేసెట్లూ వేసుకుని బస్సెక్కాను. రాజాంలో వరలక్ష్మి అని ఒకావిడ, నలభై ఏళ్లుంటాయి, సెల్లుల కొట్టు నడుపుతోంది. వాళ్లది ఒకప్పుడు కేసెట్ల కొట్టేనట. పాత టేపురికార్డరుకి వైరు తగిలించి కంప్యూటర్లోకి పాట లాగుతుంది. కేసెట్ల మీద తెల్లగా పట్టిన బూజు చూసి ముందే చెప్పింది. "తాతా, ఇవి తడిసిన టేపులు. ఒకపాలి తిరుగుతాయి. రెండోపాలి నాను పూచీ కాను."

తరవాత సైజుల సంగతి చెప్పింది. ముందు ఉన్నదున్నట్టు పెద్దగా తీస్తుందట, దాన్ని వేవ్ అంటారట. కార్డులో చాలా చోటు తింటుంది. అది వద్దంటే దాన్ని నొక్కి చిన్నది చేస్తుంది. ఎంత నొక్కాలో అంకె చెప్పాలి. అక్షరాలు నాకు అంతంతే గానీ అంకెలు బాగా వచ్చు. తెర మీద చూపించింది. మూడువందల ఇరవై, నూట ఇరవై ఎనిమిది, అన్నిటికన్నా కింద ముప్పై రెండు.

"నొక్కితే ఏటి పోద్ది?" అని అడిగాను.

"గట్టిగా ఉన్నది ఉంటాది తాతా. దాని కింద మెల్లగా ఉన్నది మనిసి సెవికి ఎలాగూ ఆనదని మిసనే తీసేస్తాది" అంది.

అప్పుడే బుర్ర పెట్టి వినాల్సింది. నేను వినలేదు. ఆవిడ నీ కేసెట్టు పెట్టింది. రెండు ముక్కలు వినపడగానే చెయ్యి ఆపేసింది.

"ఓలమ్మ! ఈయన సూరప్పడు కాదేటి? ఈయన కత ఉన్నాదంటే మా నాన్న నరసన్నపేట దాకా సైకిల్ తొక్కీవోడు!" అంది. ఆ తరవాత నా కేసెట్టు తీసి అటూ ఇటూ తిప్పి, "ఇదెవులిది?" అంది.

చూశావా బావా? చచ్చి కాటికి పోయినవాడి గొంతు రెండు ముక్కల్లో పోల్చుకుంది. బతికున్నవాడు ఎదురుగా బల్ల మీద కూర్చుని ఉంటే ఇదెవరిది అంటోంది.

నా జన్మంతా అదే కదా. మైకులో నీ పేరు చెప్పి "వారి బృందం" అనేవారు. ఆ బృందం ఎవరు? నేనూ, నా చంకలో జముకూ. దండ నీ మెడలో పడేది. అందులోంచి రాలిన రెండు పూలు ఏరుకుని నా చెవిలో పెట్టి నవ్వేవాడివి. "ఒరే బావా, జముకు మీటు, మీసం మీటకు" అనేవాడివి. జనం పడిపడి నవ్వేవారు. నేనూ నవ్వేవాణ్ణి. నవ్వకేం చేస్తాను? పెళ్లిళ్లలో నన్ను చూసి "సూరప్పడి వంత వచ్చినాడు" అనేవారు. అమ్మా నాన్నా పెట్టిన పేరు ఒకటి ఉందని ఎవడికైనా గుర్తుందా? నువ్వు పోయినప్పుడు దింపుడు కళ్లం దగ్గర మనుషులు పట్టలేదు. నేను మోస్తూ లెక్కపెట్టాను... నాకు ఇందులో సగమైనా వస్తారా అని. పాడె మోస్తూ అలాంటి ఆలోచన చేశాను. నీ దగ్గర దాపరికం ఏముంది.

నా కేసెట్టు సంగతి నీకు తెలుసు. నీకు గొంతు పూడుకుపోయిన ఆ ఒక్క శివరాత్రికి నేను కత చెప్పాను, నువ్వు జముకు పట్టావు. మధ్యలో జనం లేచిపోయారు. వాన వచ్చిందని అందరికీ చెప్పుకున్నాను. చినుకు పడలేదు.

వరలక్ష్మి ఏ సైజు అని అడిగింది. ముప్పై రెండు మీద వేలు పెట్టాను. "ఇది ఆయనవి ఎనిమిదింటికీ" అన్నాను. నాదానికి వేవ్ అన్నాను.

ఆవిడ నా మొహంలోకి చూసింది. "అదేటి తాతా? అంత గొంతుని ముప్పై రెండులో పెట్టీమంటావా? కార్డులో సోటు బోలెడున్నాది."

"సెప్పింది సెయ్యి" అన్నాను.

"పోనీ పెద్దవి కంప్యూటర్లో ఉంచీదా, సెరిపీదా?"

"సెరిపీ" అన్నాను.

ఇంటికొచ్చి నీ చెల్లికి ఏం చెప్పానో తెలుసా? కార్డులో చోటు చాలలేదు, అన్నవి చిన్నగా ఎక్కించారు అని చెప్పాను. నమ్మింది. పెళ్లయి ఇన్నేళ్లలో దానితో అబద్ధం ఆడలేదని చెప్పను గానీ, నీ మీద ఆడింది ఇదొక్కటే.

మర్నాడు పొద్దున్న ముందు నాది పెట్టాను. ఎంత స్పష్టంగా ఉందో! నా దగ్గు, నా గుటక, నేను మాట మర్చిపోయి నీళ్లు నమలడం... అన్నీ అద్దంలో మొటిమలా కనపడ్డాయి. నీ చెల్లి చేట ఆపలేదు. "బాగున్నాది" అంది. మజ్జిగ పులుసు బాగుందన్నట్టు.

తరవాత నీది పెట్టాను. కుండలో పడ్డ తుమ్మెదలా, సన్నగా, ఎక్కడినుంచో వస్తోంది. అయినా నువ్వే. ముప్పై రెండుకి నొక్కినా నువ్వు చావలేదు. చేట కింద పెట్టి నా దగ్గరికి వచ్చి కూర్చుంది. నా ఒళ్లు మండిపోయింది. ఈ మనిషిని ఏం చేస్తే అణుగుతాడు అనుకున్నాను.

అంతలో పైడమ్మ సెల్లు చెవికి ఆనించుకుంది. దులిపింది. మళ్లీ ఆనించుకుంది.

"నువ్వెక్కడ?" అంది.

"ఇక్కడే ఉన్నాను కదే."

"పాటలోనయ్యా! అన్న రాగం దిగకుండానే కింద నుంచి నువ్వు ఎత్తుకుంటావు కదా. ఎత్తుకోనేదు. అన్నొక్కడే ఉన్నాడు."

ఇంకొకటి పెట్టింది. ఇంకొకటి. ఎనిమిదింటిలోనూ అంతే. వంత ఉండాల్సిన చోట చేటలో ఇసుక జల్లించినట్టు గరగర. అప్పుడు వరలక్ష్మి మాట గుర్తొచ్చింది. గట్టిగా ఉన్నది ఉంటుంది, దాని కింద మెల్లగా ఉన్నది మిషనే తీసేస్తుంది. మైకు నీ ముందుండేది. నేను బారెడు వెనక ఉండేవాణ్ణి. ఇంకేముంది... నిన్ను నొక్కుదామని వేలు పెట్టాను, నేను పోయాను.

నీ చెల్లి నావైపు చూసి అన్న మాట ఇది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "ఇద్దరిదీ ఇనడానికి పెట్టుకుంటన్నాను గానీ, ఒక్కడిదైతే నాకేటికి?"

బావా, ఈ సంగతి నీకు తెలుసా? తెలిసే పెట్టె దానికిచ్చావా? తెలిస్తే ముప్పై ఏళ్లలో ఒక్కసారి నా చెవిన వెయ్యలేకపోయావా?

ఇంకో మాట చెప్తే నవ్వుతావు. నాకు అప్పుడు కూడా కుళ్లే పుట్టింది. ఈసారి నీ మీద కాదు. అది వెతుక్కుంటున్న ఆ కుర్ర గొంతు మీద. ఇప్పుడున్న ఈ బోసి నోటిని అది ఎన్నడైనా అలా వెతికిందా?

మళ్లీ బస్సెక్కాను. ఈ చిన్నవాటినే పెద్దవి చేసిపెట్టు అని వరలక్ష్మిని అడిగాను. ఆవిడ నవ్వింది. "సేస్తాను, సైజు పెరుగుతాది. గొంతు రాదు. పిప్పి నానబెడితే సెరుకవుద్దేటి తాతా?"

పెద్దవి నా మాట మీదే చెరిపేసింది. ఇక కేసెట్లే దిక్కు. పూచీ లేదని మళ్లీ చెప్పి, ఒక్కొక్కటే మెల్లగా తిప్పింది. నేను బల్ల మీద కదలకుండా కూర్చున్నాను. ఒకటి, రెండు, మూడు... ఏడు వచ్చాయి. వింటుంటే నీ రాగం కింద నుంచి నేను లేచి వస్తున్నాను. నిజం చెప్పనా? బాగానే పాడేవాణ్ణి. ఆ మాట ఎవరూ అనలేదు కాబట్టి నేనే అనుకుంటున్నాను.

ఎనిమిదోది పట్టేసింది. టేపు చక్రానికి చుట్టుకుని తునకలైపోయింది. ఆవిడ పెన్సిలు పెట్టి తిప్పింది, అతుకులు వేసింది. లాభం లేకపోయింది. అది ఏ కేసెట్టో తెలుసా? అన్న చెల్లెల్ని అత్తింటికి పంపే కత. నీ చెల్లికి ప్రాణమైనది.

ఆ ఏడింటికీ ఇప్పుడు వేవే. పెద్ద కార్డు కొని వేయించాను. నాదీ వేవ్‌లోనే ఉంచాను, చిన్నది చెయ్యలేదు. అంత మంచివాణ్ణి కాను.

ఎనిమిదోది మాత్రం ముప్పై రెండులోనే మిగిలింది. అందులో నువ్వు ఒక్కడివే. నీ చెల్లి రోజూ అదే ముందు పెడుతుంది. వంత దగ్గరికి వచ్చేసరికి దాని చేట ఆగుతుంది. గరగర అయిపోయేదాకా అలా ఆగి, మళ్లీ చెరుగుతుంది. పది రోజులు చూశాను. టేపు దానంతటది పాడైందనే అనుకుంటోంది.

పదకొండో రోజు నేను ఆగలేకపోయాను. నీ రాగం దిగకముందే అందుకున్నాను. ముందు పళ్లు రెండు లేవు కదా, గాలి పోతోంది. అయినా అందుకున్నాను. నువ్వు ఒకసారి అన్నావే, కతకుడు ఊపిరి తీసుకునే చోట కత పడిపోకుండా పట్టుకునేవాడే వంత అని... ఆ రోజుల్లో అది నన్ను బుజ్జగించడానికి అన్నావనుకుని నీ మీద ఉమ్మేద్దామన్నంత కోపం వచ్చింది. ఇప్పుడు రోజూ పాడుతున్నాను. సెల్లు చిన్నది, నా గొంతు పెద్దది. జన్మలో మొదటిసారి నీ మీద నేను వినపడుతున్నాను బావా. పక్కింటివాళ్లు గోడ మీంచి తొంగి చూస్తున్నారు. నన్నే చూస్తున్నారు.

నిన్న నీ చెల్లి చేట ఎత్తకుండా కూర్చుని మొత్తం విన్నది. అయ్యాక అంది. "బాగున్నాది గానీ, కూసింత తగ్గించు. అన్నని కూడా ఇననీ."

తగ్గించనన్నాను.

కానీ రాత్రంతా ఆలోచించాను. ముప్పై రెండు మీద వేలు పెట్టింది నేనేనని దానికి రేపు చెప్తాను. పాట అయ్యాక కాదు, మొదలెట్టక ముందే చెప్తాను. ఆ తరవాత నన్ను పాడనిస్తే, నీ కోసం గొంతు తగ్గిస్తాను.

కొంచెమే.

అప్పన్న