నాకిక రన్నర్ వద్దు మునెప్పా

మునెప్పా, బాగున్నావా?

నువ్వు పోయి పది నెలలయింది. ఉత్తరం రాయాలని ఎప్పటినుంచో అనుకుంటున్నాను. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు... అందుకే కోపంతోనే రాస్తున్నాను.

కోపం ఎందుకంటావా? మన జట్టులో మోకాలు అరిగింది నాకు. క్యాచ్ పట్టబోయి ఉంగరం వేలు వంకరపోయింది నాకు. భుజం పట్టేసి తల దువ్వుకోలేకపోయింది నేను. నీకేమైంది? యాభై నాలుగేళ్లొచ్చినా మదనపల్లె మార్కెట్‌లో టమోటా బాక్సు భుజానేసుకుని బండెక్కేవాడివి. అట్లాంటివాడివి ఆ మార్కెట్‌లోనే గుండె పట్టుకుని కూర్చుని మళ్లీ లేవలేదు. కాళ్లు బాగున్నవాడు ముందు పోవడం ఏం న్యాయం?

సరే, ఇక్కడి సంగతులు చెబుతాను.

పెద్దపంజాణిలో జెర్సీ ఆవు తన్నిన ఆ కుడి మోకాలు ఇంకా నన్ను ఏడిపిస్తూనే ఉంది. ఎముకల డాక్టరు ఎక్స్‌రే చూసి, గుజ్జంతా అరిగిపోయింది, ఇక ఆట మాట ఎత్తొద్దన్నాడు. మెట్లెక్కొద్దు, కింద కూర్చోవద్దు, బరువెత్తొద్దు అని కూడా చెప్పాడు. పశువుల ఆసుపత్రి కాంపౌండర్ కింద కూర్చోకుండా, బరువెత్తకుండా ఉద్యోగమెట్లా చేస్తాడో ఆయనకే తెలియాలి. నువ్వుంటే పాత మాటే అనేవాడివి. "గొడ్లకైతే నువ్వేస్తావు సూది, నీకెవురు ఏసేదిరా?"

అందరూ మానెయ్యమనేవాళ్లే. మా వీధిలో నా వయసువాళ్లు ఒక్కరూ జీవితంలో బ్యాటు పట్టుకోలేదు. వాళ్లంతా గోడ పట్టుకుని మెట్లు దిగుతున్నారు. ఆడకపోయినా అరిగే మోకాలిని ఆడి అరగదీసుకుంటే తప్పేమిటి? ఇది అడిగితే వయసును చూసుకోమంటారు. చూసుకుంటూనే ఉన్నాను, నలభై అయిదు దాటినవాళ్ల టోర్నమెంటే కదా ఆడుతున్నది!

నా పెళ్లాం పద్మ మాత్రం వాదించలేదు. ఒక్క మాటే అంది. "ఈసారి పడితే ఎత్తుకొచ్చేదానికి ఆ మనిషి గూడా లేడు గదా." అని లోపలికి వెళ్లిపోయింది.

నిజానికి ఆవు తన్నినప్పుడే, తొమ్మిదేళ్ల కిందటే, నేను జట్టు నుంచి తప్పుకోవాల్సింది. టీవీలో వచ్చే మ్యాచ్‌ల్లో రన్నర్‌ని ఎత్తేశారు కానీ, మన ఊళ్ల ఆటలో దెబ్బ తగిలినవాడికి బదులు అప్పటికే అవుటైన ఇంకొకడు పరిగెత్తొచ్చు. నువ్వు ఓపెనింగ్‌కు పోయి, రెండు ఓవర్లన్నా నిలవకుండా అవుటయి, గుక్కెడు నీళ్లు తాగి నాకు రన్నర్‌గా వచ్చేవాడివి. నాకోసమే తొందరగా అవుటవుతున్నావేమోనని నాకెప్పుడూ అనుమానమే. ఎన్నిసార్లు అడిగినా నవ్వావే తప్ప చెప్పలేదు... ఇప్పుడన్నా చెబుతావా?

ప్రతిసారీ వంగి లేసు కట్టుకుంటూ ఒకటే చెప్పేవాడివి. "నువ్వు కొట్టేసి గమ్మున నిలబడుకో. ఉరికేది నా పని."

నిలబడ్డాను. తొమ్మిదేళ్లు కొట్టడం, నిలబడడం, తల తిప్పి నీ పరుగు చూడడం. అంతే నా బ్యాటింగ్.

నువ్వు పోయాక మొదటి మ్యాచ్ కుప్పంలో ఆడాం. నీ టమోటా బండి లేదు కాబట్టి టెంపో మాట్లాడుకుని బైరెడ్డిపల్లె మీదుగా వెళ్లాం. సీట్లు మెత్తగా ఉన్నాయి, టమోటా వాసన లేదు, బూతు మాట్లాడేవాళ్లు లేరు. నాకేం నచ్చలేదు.

నా వంతు వచ్చేసరికి మన కెప్టెన్ చలపతి ముప్పై ఎనిమిది పరుగుల మీద ఉన్నాడు. బడిలో లెక్కలు చెప్పినట్టే, తప్పు లేకుండా ఆడుతున్నాడు. రన్నర్ ఎవరు కావాలని అడిగాడు. ఎవరూ వద్దన్నాను. నీ చోటులో ఇంకొకడు వంగి నిలబడితే చూడలేననిపించింది. మోకాలికి బ్యాండేజీ బిగించుకునే వచ్చానని చెప్పాను.

మూడో బంతి కవర్స్ వైపు బాగా కొట్టాను. కొట్టి... నిలబడిపోయాను.

తల తిప్పి నువ్వు వంగి ఉండే చోటు చూశాను, మునెప్పా. నువ్వు బయల్దేరి ఉంటావనుకున్నాను. చలపతి నా పక్కకొచ్చి నిలబడి, పరిగెత్తప్పా అని అరుస్తుంటే గాని నువ్వు లేవన్న సంగతి గుర్తు రాలేదు. అప్పటికే అవతల వికెట్లు కొట్టేశారు. నేను నా గీత దాటి కదల్లేదు కాబట్టి చలపతి అవుట్. మ్యాచ్ కూడా అక్కడే పోయింది.

ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే ఎంత బాగుండేది... తిరిగొచ్చేటప్పుడు చలపతి నా పక్కన కూర్చుని, వచ్చే మ్యాచ్‌కు అంపైరింగ్ చెయ్యమని మెల్లగా అడిగాడు. ముసలాయనకు మతి తప్పుతోందని అందరూ అనుకుంటున్నారని నాకర్థమైంది. నీకోసం చూశానని వాళ్లకు చెప్పలేదు. చెబితే జాలిపడతారు. జాలిపడితే ఇక జన్మలో బ్యాటివ్వరు.

మూడు వారాల తర్వాతి పుంగనూరు మ్యాచ్ ఒక్కటి ఆడనివ్వమన్నాను. మళ్లీ ఎవరినైనా అట్లా అవుట్ చేయిస్తే నా అంతట నేనే అంపైర్ తెల్లకోటు వేసుకుంటానన్నాను.

ఆ మూడు వారాలు ఏం చేశానో తెలుసా? రోజూ ఆసుపత్రి తెరవకముందే వెళ్లి, గేటు నుంచి గొడ్లను కట్టే ఇనుప కమ్మీల దాకా పిచ్ పొడవు కొలిచి గీత గీశాను. చీపురుకట్ట తిప్పడం, ఉరుకు అని గట్టిగా అరవడం, పరిగెత్తడం. పెద్దతిప్పసముద్రం నుంచి ఆవును తోలుకొచ్చిన ముసలాయన చూసి, ముందు నన్ను డాక్టరుకు చూపించమన్నాడు. పెద్దమనిషి, నిజమే చెప్పాడు.

కష్టం మోకాలితో కాదు. నీ మాటతోనే. చీపురు తిప్పినప్పుడల్లా గమ్మున నిలబడుకో అని చెవిలో వినిపించేది. తొమ్మిదేళ్లు విన్న మాటను మూడు వారాల్లో ఎదిరించాలి. ఎదిరించాను. ఏమనుకుంటావో అనుకో.

పుంగనూరులో నేను దిగేసరికి నాలుగు ఓవర్లు మిగిలాయి. అవతల మళ్లీ చలపతే. నన్ను చూసి మొహం మాడ్చుకున్నాడు. మొదటి బంతి మిడాన్ వైపు తోశాను. కాళ్లు నిలబడిపోవాలనే చూశాయి. ఉరుకు అని అరిచాను... చలపతికి కాదు, నాకే. ఉరికాను. కుంటుతూ, బ్యాటు నేలకు ఆనించుకుంటూ, అయిదు పొర్లు దండాలు పెట్టినంత ఆయాసంతో ఆ ఇరవై రెండు గజాలు దాటాను. తొమ్మిదేళ్లలో నా కాళ్లతో తీసిన మొదటి పరుగు!

మొత్తం పదకొండు కొట్టాను. ఫోర్ ఒక్కటీ లేదు. ఒకసారి రెండో పరుగుకు నేనే పిలిచి, మోచేతులు దోక్కుపోయేలా దూకాను. చివరి దాకా అవుట్ కాలేదు. నాలుగు పరుగుల తేడాతో ఓడిపోయాం, అది వేరే సంగతి.

మోకాలు గుమ్మడికాయంత వాచింది. మూడు రోజులు సెలవు పెట్టాను. పద్మ ఉప్పు మూట కాపడం పెడుతూ, ఎన్ని కొట్టావని మాత్రం అడిగింది. చలపతి ఫోన్ చేశాడు. ఈ ఆదివారం మదనపల్లెలోనే మ్యాచ్, ఏడింటికల్లా గ్రౌండ్‌లో ఉండమన్నాడు. తెల్లకోటు మాట ఎత్తలేదు.

మంచం మీద పడుకుని ఉంటే ఒక సంగతి తట్టింది. నువ్వు నాకోసం పరిగెత్తిన పరుగులన్నీ స్కోరు పుస్తకంలో నా పేరు మీదే ఉన్నాయి. రన్నర్ పేరు రాసే చోటే ఆ పుస్తకంలో లేదు. ఇన్నేళ్లూ చప్పట్లు నాకు కొట్టారు, చెమట నీది. నువ్వు ఒక్కసారన్నా అడగలేదు. నేనూ ఒక్కసారన్నా అనుకోలేదు. సిగ్గేసింది.

స్కోరు రాసే రాజన్నకు ఫోన్ చేసి, పుంగనూరులో నేను కొట్టినవి నీ పేరు మీద రాయమన్నాను. పోయిన మనిషి పేరు మీద ఎట్లా రాసేదప్పా అన్నాడు. ఎంత బతిమాలినా ఒప్పుకోలేదు.

వాళ్ల పుస్తకం వాళ్లిష్టం. ఈ కాగితం నాది.

పుంగనూరు. మునెప్ప, పదకొండు, నాటౌట్.

ఆదివారం కొట్టేవి మాత్రం నావేరా.

నీ సీనప్ప