దాబా కుక్క పేరు

నందిగామ

పుల్లయ్య అన్నయ్యగారికి,

మీ ఫోను కలవక ఉత్తరం రాస్తున్నా. నేను బాగానే ఉన్నా. వండుతున్నా, తింటున్నా.

ఆయన పోయాక గరికపాడు దాబా దగ్గర ఆగిన ప్రతి లారీ చుట్టూ ఒక కుక్క తిరుగుతోందని తెలిసి ఇంటికి తెచ్చుకున్నా. వచ్చిపోయేటప్పుడల్లా ఆయన దానికి చపాతీ పెట్టి, పేరుతో పిలిచేవారట. ఆ పేరు దాబావాళ్లకు గుర్తులేదు. పిల్లలు ఎన్ని పేర్లు పెట్టినా ఇది తల తిప్పడం లేదు. ఆయన లారీ నడిపినన్నాళ్లూ పక్కన ఉన్నది మీరే కదండీ.

ఇంట్లో నన్నయినా, మా పాత కుక్కనయినా ఆయన "ఇదిగో" అనే పిలిచేవారు. ఇద్దరం తిరిగి చూసేవాళ్లం. పేరు పెట్టి పిలిచింది దీన్నొక్కదాన్నే. ఆ పేరేంటో రాయండి. ఎవరి పేరైనా సరే, నేనేమీ అనుకోను.

మీ చెల్లెలు